సాపు ప్రతి

"ఈ సంతకం నీదేనా?"

పాటల రచయిత అదే ప్రశ్న నాలుగోసారి అడిగాడు. భార్య స్టవ్ మీద పాలు పొంగబోతుంటే మంట తగ్గించింది.

"నిన్నే అడుగుతున్నా."

"వినపడుతోంది."

"వినపడితే చెప్పు మరి."

"నా సంతకం మీకు తెలీదా? పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నారు."

ఆయన చేతిలో మూడు కాగితాలున్నాయి. ఆడియో కంపెనీ లాయరు నిన్న కోర్టులో దాఖలు చేసిన ప్రమాణపత్రం నకలు. ఆయన తరఫు ప్లీడరమ్మ దాన్ని ఫోనుకు పంపితే, కూతురు తన మందుల షాపులో ప్రింటు తీసి తెల్లారకముందే పట్టుకొచ్చింది. ప్రతి పేజీ అడుగునా సంతకం ఉంది. గుండ్రంగా, పొందిగ్గా, బడిపిల్లలు చూసి దిద్దుకోవచ్చన్నట్టు ఉంది.

విచారణ పదకొండు గంటలకు. ఇప్పుడు ఏడున్నర.

"నాన్నా, ముందు కూర్చో. బీపీ మాత్ర వేసుకున్నావా?" అంది కూతురు.

"మాత్ర సంగతి తర్వాత. ఈ ఇంట్లో నా వైపు ఎవరున్నారో నాకు తెలియాలి."

"అది చెప్పే మాత్ర ఇంకా రాలేదు. వస్తే మొదటి సీసా నీకే పక్కన పెడతా."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ పైకి చదివాడు.

"'తలుపు పాట అని జనం పిలుచుకునే పాటను రాసినది నేను. నా భర్త కాదు.' విన్నావా? నా భర్త కాదు! ముప్పై ఏళ్ళ నుంచి ఊళ్ళో ఎవరు ఎదురొచ్చినా 'తలుపు పాటాయన' అనే అంటారు నన్ను. సొంత పెళ్ళాం మాత్రం కోర్టుకెక్కి కాదు పొమ్మంటోంది."

"నేను కోర్టుకెక్కలేదు. ఎక్కింది మీరు."

"ఎందుకెక్కాను? నా కోసమా?"

ఎందుకెక్కాడో ఆ ముగ్గురికీ తెలుసు. ఆ పాటను ఆయన ఏనాడో కంపెనీకి అమ్మేశాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే అమ్మేవారు. మొన్న కంపెనీ దాన్ని తాళాలు చేసేవాళ్ళ ప్రకటనకు ఇచ్చింది. 'తలుపు తీసే ఉంచా, తడి కాళ్ళతోనే రా' అన్న పల్లవి, 'తలుపు మూసే ఉంచా, దమ్ముంటే తీసి రా' అయింది. ఈ సాయంత్రం ఆరింటి నుంచి ప్రతి చానల్లోనూ అదే మోగుతుంది.

పాట అమ్ముకున్నా ఒక హక్కు మాత్రం అమ్ముడుపోదని ప్లీడరమ్మ చెప్పింది. రాసిన మాటల్ని చెడగొడితే అడ్డుపడే హక్కు, రాసినవాడి దగ్గరే చచ్చేదాకా ఉంటుంది. చట్టం గట్టిగానే ఉంది. కాకపోతే అది రాసినవాడికే. రాసింది ఆయన కాదని తేలితే, ఆ కోర్టులో ఆయనా, బయట సైకిలు స్టాండు దగ్గర నిలబడ్డవాడూ ఒకటే.

"మీ చేత్తో రాసిన కాగితం ఒక్కటి చూపించండి" అని మూడు వారాల కిందట ప్లీడరమ్మ అడిగినప్పుడు ఆయన దగ్గర ఒక్కటీ లేదు.

ఆయన రాత ఆయనకే అర్థం కాదు. మొదటి సినిమా రోజుల్లో ఒక గాయకుడు ఆయనిచ్చిన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, అయిదు నిమిషాలు గొంతు సవరించుకుని, చివరికి "ఇది ఏ భాషండీ?" అన్నాడు. ఆ రోజు నుంచి పాటలన్నీ భార్యే సాపు రాసింది. సాపు ప్రతి తయారయిన మరుక్షణం ఆయన చిత్తుకాగితాలు చింపేస్తాడు. పాత చిత్తు ఇంట్లో ఉంటే కొత్త పాట రాదని ఆయన నమ్మకం. అలా నాలుగు వందల పాటలు. స్టూడియోల్లో, ఫైళ్ళలో, కంపెనీ బీరువాల్లో ఎక్కడ వెతికినా, అన్నీ ఆమె చేతిరాతే.

డాక్టర్ల రాతలన్నీ కళ్ళు మూసుకుని చదివే కూతురు కూడా నాన్న రాత ముందు చేతులెత్తేస్తుంది.

"చెప్పవే, పాట రాసింది నువ్వా?"

భార్య గ్లాసులోకి కాఫీ వంచింది. ఆయన ముందు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"మీ పిటిషను సాపు రాసిందెవరు?" అని అడిగింది.

"అదెందుకిప్పుడు?"

"ఎవరు?"

"నువ్వే."

"ఏడో పేరాలో ఏం రాయించారు?"

ఆయన కాగితాల్లోకి చూపు దించాడు. అది ఆ కాగితాల్లో లేదని ఆయనకు తెలుసు.

"మర్చిపోయారా? నాకు గుర్తుంది. రాసిన చెయ్యి కదా. 'ఈ పాటలో ప్రతి మాటా నా ఒక్కడి సృష్టి. ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు.' పొద్దున్న పదింటికి, ఇదే బల్ల మీద, మీరు చెబుతుంటే నేను రాశాను. మీరు చెప్పేటప్పుడు ఆగుతారేమోనని చూశాను. ఆగలేదు. ఫుల్‌స్టాపు పెట్టమన్నారు."

"అది లాయర్ల భాషే! అలా రాయకపోతే కేసు నిలబడదు."

"భాష లాయర్లదే. చెప్పింది మీరు. నన్ను నా చేత్తోనే కొట్టేయించారు."

"నాకేం అర్థం కావడం లేదు. ప్రమేయం ఏంటి? అమ్మకి ఈ పాటతో ఏం సంబంధం?" అంది కూతురు.

కూతురు ఒకసారి అమ్మనీ ఒకసారి నాన్ననీ చూసింది. ఇంట్లో తనకు తెలియకుండా ఒక గది ఉందని అప్పుడే తెలిసినట్టు ఉంది ఆమె ముఖం.

"నువ్వప్పటికి పుట్టలేదు. మీ నాన్నా నేనూ దెబ్బలాడుకున్నాం. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు వానలో తడిసి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డారు. నేను అప్పుడే ఇల్లు తుడిచాను. తడి కాళ్ళతో వస్తే ఏమంటానోనని భయం. నాకు నవ్వొచ్చింది. 'తలుపు తీసే ఉంచా, తడి కాళ్ళతోనే రా' అన్నాను. అంతకు ముందూ ఆ తర్వాతా నేనాయన్ని 'రా' అనలేదు. అదొక్కసారే."

"అమ్మా..."

"మీ మావయ్య లోపల హార్మోనియం పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ట్యూను వచ్చింది, కొలత కోసం పాడుకోవడానికి మాట దొరకడం లేదు. నా మాట పట్టుకుని దాని మీద పాడేశాడు. సాయంత్రానికి మీ నాన్న చరణాలు రాశారు. అవి మీ నాన్నవే. నేను కాదనలేదు."

రచయిత గొంతు తగ్గింది. "నువ్వు మామూలుగా అన్నమాటని పాటగా చేసింది నేను."

"మరి పేపరు వాళ్ళు అడిగితే బస్సులో తట్టిందన్నారేం? ఒకసారి బస్సులో కిటికీ పక్క సీటన్నారు. ఇంకోసారి రైలన్నారు. సన్మానంలో ఏకంగా పడవన్నారు. మీరు ఎక్కిన ఏ బండిలోనూ నేను లేను."

కాఫీ మీద మీగడ కట్టింది.

"అందుకని అవతలివాళ్ళకి సంతకం పెట్టిచ్చేశావా? పగ తీర్చుకున్నావా?"

"తమ్ముడొచ్చాడు. పిటిషను సాపు రాసిన మర్నాడే. 'అక్కా, ఆ మొదటి లైను నీదని రెండు ముక్కలు రాసివ్వు, కొత్త రికార్డు మీద నీ పేరు వేస్తామంటున్నారు' అన్నాడు. రాసిచ్చాను. మొదటి లైను నాది, మిగతాదంతా మా ఆయనది అని రాశాను. అబద్ధం ఒక్క ముక్క లేదు."

"ఎక్కడుందే ఆ ముక్క? ఇక్కడ 'పాట రాసినది నేను' అని ఉంది!"

"నేనలా రాయలేదు."

కూతురు తండ్రి చేతిలోంచి కాగితాలు తీసుకుంది. మందుల అట్టల మీద చీమల్లాంటి అక్షరాలు చదవడం ఆమె రోజూ చేసే పని. రెండో పేజీ మధ్యలో ఆమె వేలు ఆగింది.

"అమ్మా, ఇది నువ్వు చదివావా?"

"ఏది?"

"'ఈ పాట మాటలను కంపెనీ తనకు తోచినట్టు మార్చుకోవడానికి నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. నా చేతిరాతలో ఉన్న తక్కిన పాటలన్నింటికీ ఇదే వర్తిస్తుంది.' తక్కిన పాటలన్నీ అంటే... అమ్మా, నాన్న పాటలన్నీ నీ చేతిరాతలోనే ఉన్నాయిగా!"

భార్య చేతిలోని గరిటె సింకులో పడింది.

"నేను రాసింది ఒక్క పేజీ. స్టూడియోకి రమ్మని ఇవి ఇచ్చాడు. నువ్వు రాసిందే టైపు చేశారు అన్నాడు."

"చదవకుండా పెట్టావా?" అన్నాడు రచయిత.

ఆమె ఆయన వైపు చూసింది. ఆ పొద్దుట్నుంచి మొదటిసారి ఆమె కళ్ళలో కోపం లేదు.

"తమ్ముడు ఇస్తే చదువుతామా?"

*

సంగీత దర్శకుడైన ఆ తమ్ముణ్ణి పరిశ్రమలో అందరూ పెట్టెబాబు అంటారు. హార్మోనియం పెట్టె లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయన పాటగది ఒక దర్జీ షాపు మీద మేడ. పైన స్వరం, కింద కుట్టుమిషను. రికార్డింగు ఉన్న రోజుల్లో ఆయన దర్జీకి టీ పంపించి మిషను ఆపించేవాడు. చాలాకాలంగా ఆపించే అవసరం రావడం లేదు.

తొమ్మిదింటికి ముగ్గురూ మెట్లెక్కేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కోర్టుకు తయారుగా ఉన్నాడు. గోడలకు అంటించిన కోడిగుడ్ల అట్టలు అక్కడక్కడ ఊడి వేలాడుతున్నాయి. వాటి మధ్య రెండు కొత్త మైకులు, ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా నిలబడి ఉన్నాయి.

"రా బావా. అక్కా, నువ్వు కూడానా! కాఫీ చెప్పనా?"

"నీ కాఫీ తాగడానికి మూడు పేజీలు సంతకం పెట్టాలేమో" అన్నాడు రచయిత.

"బావకి వెటకారం పోలేదు. ఇంకా పాటలు రాయొచ్చు."

"రాస్తే మీ అక్క సాపు రాస్తుంది. నువ్వు అమ్ముకుందువుగాని."

పెట్టెబాబు ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"నేను అబద్ధం ఏం చెప్పాను? ఆ లైను అక్కది కాదా? చేతిరాత అక్కది కాదా? నువ్వు చిత్తులు చింపడం నేను కళ్ళారా చూడలేదా? నేను కళ్ళతో చూసిందే వాళ్ళకి చెప్పాను."

"అంటే చిత్తుల సంగతి కంపెనీకి మోసింది నువ్వే!"

"ఆ పాట ఎవరిదంటే ఇన్నేళ్ళూ నీదన్నారు బావా. మరి ట్యూను? దారిన పోయేవాడెవడో పారేసుకుంటే నీకు దొరికిందా? మైకు ముందు ఒక్కసారైనా నా పేరు చెప్పావా?"

"చెప్పాను. ప్రతి సభలోనూ చెప్పాను."

"'మా బావమరిది' అన్నావు. అదీ ఒక పేరేనా?"

కింద కుట్టుమిషను గడగడలాడి ఆగింది.

"కంపెనీవాళ్ళు నా ట్యూన్లన్నీ మళ్ళీ రికార్డు చేయిస్తామన్నారు. కొత్త గొంతులతో. మాటల మీద పేచీ ఉంటే ముట్టుకోం అన్నారు. నీకు కోర్టు, నీ హక్కు, నీ పంతం. నా ట్యూన్లు మాత్రం మూలన పడుండాలా? అక్క సంతకం ఉంటే పేచీయే లేదు. అంతే జరిగింది."

"మావయ్యా, అమ్మకి నిజం చెప్పి సంతకం అడగొచ్చుగా?" అంది కూతురు.

"చెప్తే పెట్టేదా?"

ఆ మాట అనేశాక గానీ తను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. అక్క వైపు చూడకుండా హార్మోనియం మీది గుడ్డ సర్దాడు.

అప్పటిదాకా ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నెమ్మదిగా వచ్చి తమ్ముడి ఎదురుగా చాప మీద కూర్చుంది.

"నేను రాసిన పేజీ ఏదిరా?"

"కంపెనీ లాయరు తీసుకున్నాడు."

"ఇప్పించు."

"అది అక్కర్లేదన్నాడక్కా. టైపు చేసిందే చాలన్నాడు."

"చింపేశారా?"

పెట్టెబాబు చొక్కా గుండీ తడుముకున్నాడు.

"ఆయన చిత్తులు చింపితే కొత్త పాట కోసం అనుకునేదాన్ని. నువ్వు నా సాపు చింపావు. దేని కోసంరా?"

"అక్కా, నువ్వు అలా చూడకు."

"నిన్ను చంకనేసుకుని సంగీతం మాస్టారింటికి తీసుకెళ్ళినదాన్ని. నీ పాఠం అయ్యేదాకా అరుగు మీద కూర్చున్నదాన్ని. అలా కాకపోతే ఎలా చూడమంటావు?"

పెట్టెబాబు కళ్ళు తుడుచుకున్నాడు. అవి నిజంగానే తడిశాయి.

"జడ్జిగారు అడిగితే, నేను చదవకుండా పెట్టానని చెప్తావా?"

"చెప్తే నా మీద కేసవుతుంది అక్కా. దొంగ ప్రమాణపత్రం సృష్టించానంటారు."

"చెప్పకపోతే ఆయన పాటలన్నీ పోతాయి."

ఆయన అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు బెంగపెట్టుకోకు. నేను చూసుకుంటాలే."

కారెక్కాక రచయిత అన్నాడు. "వాడేం చూసుకోడు."

"నా ముందు వాడు ఇంతవరకూ అబద్ధం ఆడలేదు."

"మూడు పేజీలు ఆడాడు."

"అవి నా ముందు చదవలేదు" అంది ఆమె, కిటికీలోంచి బయటకు చూస్తూ.

*

కోర్టు వరండాలో ప్లీడరమ్మ బిస్కెట్లు నములుతూ ఫైలు తిరగేస్తోంది. రచయిత చెప్పిందంతా విన్నాక నమలడం ఆపింది.

"మొదటి లైను ఆవిడదని నాకెందుకు చెప్పలేదు?"

"ఒక్క లైనే కదా అని..."

"అయ్యా, వాళ్ళు కొనుక్కున్నది ఆ ఒక్క లైనే. తాళాలవాడికి మీ చరణాలతో ఏం పని?"

రచయిత బెంచీ మీద కూలబడ్డాడు. ప్లీడరమ్మ గొంతు తగ్గించింది.

"రెండే దారులు. ప్రతి మాటా నాదే అని పట్టుబట్టారనుకోండి, మీ చేతిరాత ఒక్కటి చూపించలేరు. ఆవిడ రాత ఉంది, ఆవిడ సంతకం ఉంది. ఈ పాటతో పాటు అన్నీ పోతాయి. లేదూ, ఆ లైను ఆవిడదని ఒప్పుకున్నారనుకోండి, ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవారవుతారు. పేపర్లలో పడుతుంది. కానీ అప్పుడు ఆవిడా రచయితే. ఆవిడ అడ్డుచెబితే కోర్టు వినాలి."

"ఆమె అభ్యంతరం లేదని సంతకం పెట్టింది కదా?"

"మోసం చేసి పెట్టించారని తేలితే ఆ సంతకం చెల్లదు. తేల్చాల్సింది ఆవిడ తమ్ముడు."

ప్లీడరమ్మ లోపలికి వెళ్ళింది. కూతురు నీళ్ళ సీసా తెస్తానని కావాలనే దూరంగా నడిచింది. బెంచీ మీద భార్యాభర్తల మధ్య ఫైలు మాత్రం మిగిలింది.

"నీ పేరు వేయిద్దామనే అనుకున్నా. ఆ రోజుల్లో అలా..." అన్నాడు ఆయన.

"ఆ రోజులు ఎన్నాళ్ళు నడిచాయండీ?"

"పాట అంత పేరు తెస్తుందని తెలీదు. వచ్చాక చెబితే ఏమనుకుంటారోనని..."

"ఎవరు?"

లోపలి నుంచి బంట్రోతు కేసు నంబరు పిలిచాడు.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి మనుషుల్నీ, కిందనుంచి కాగితాల్నీ చూసే మనిషి. కంపెనీ లాయరు మాట్లాడుతున్నంతసేపూ కాగితాల్నే చూశారు. తర్వాత రచయిత భార్యను బోనులోకి పిలిపించి ప్రమాణం చేయించారు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదేనండి."

సాపు ప్రతి చూపించారు. పసుపెక్కిన కాగితం, నీలం సిరా.

"ఈ రాత?"

"నాదే."

"అయితే ఈ పాట రాసింది మీరేనా?"

ఆమె నోరు తెరిచేలోగా వెనక కుర్చీ కిర్రుమంది.

"అయ్యా, నేను చెప్తాను."

రచయిత లేచి నిలబడ్డాడు. ప్లీడరమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకోబోయి వదిలేసింది.

"మొదటి లైను మా ఆవిడదండి. నేను వానలో తడిసి వస్తే అన్నది. మిగతాది నేను రాశాను. ప్రతి మాటా నాదేనని పిటిషన్లో రాసింది అబద్ధం. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పింది కూడా అబద్ధమే."

బోనులో ఆమె భర్తనే చూస్తోంది. ఆ చిన్న ముక్క కోసం ఆమె ఎంతకాలం ఎదురుచూసిందో ఆయనకు ఆ క్షణంలోనే తెలిసినట్టుంది. తలవంచుకున్నాడు.

కంపెనీ లాయరు లేచాడు. ఆయన ముఖం విచ్చుకుంది.

"అయ్యా, ఇంతకు మించి నాకేమీ అక్కర్లేదు. నా క్లయింటు వాడుకుంటున్నది ఆ మొదటి లైనే. అది తనది కాదని పిటిషనరే ఒప్పుకున్నారు. రాసినావిడ అభ్యంతరం లేదని సంతకం పెట్టారు. రాయని మనిషికి అడ్డుచెప్పే హక్కు ఎక్కడిది?"

రచయిత నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. నిజం చెప్పిన నోటితోనే పాటను అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు.

జడ్జిగారు బోను వైపు తిరిగారు.

"చూడమ్మా. మీ మాటల్ని తాళాల ప్రకటన కోసం మార్చారు. దానికి మీకు అభ్యంతరం ఉందా?"

"ఉందండి."

"లేదని సంతకం పెట్టారే?"

"అందులో అలా ఉందని నాకు తెలీదండి. నేను వేరే రాసిచ్చాను. ఇది అదే అన్నారు."

"ఎవరన్నారు?"

ఆమె చూపు మూడో వరస వైపు వెళ్ళింది.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. ఇంత చక్కగా రాస్తారు. చదవకుండా పెట్టానంటే కోర్టు ఊరికే నమ్మదు. మిమ్మల్ని మోసం చేసి పెట్టించి ఉంటే, ఆ మనిషెవరో చెప్పండి. అతను దానికి జవాబు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ సంతకం చెల్లుతుంది. సాయంత్రం ప్రకటన వస్తుంది."

మూడో వరసలో పెట్టెబాబు కూర్చుని ఉన్నాడు. పక్కన కంపెనీ మేనేజరు. ఈరోజు ఆయన ఒళ్ళో హార్మోనియం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"అయ్యా, ఒక్క మాట మా తమ్ముణ్ణి అడగనిస్తారా?" అంది ఆమె.

కంపెనీ లాయరు లేవబోయాడు. జడ్జిగారు చెయ్యి చూపించి ఆపారు.

"అడగండి."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. కోర్టులో ఉన్న సంగతి మరిచిపోయినట్టు, ఇంట్లో పక్కగదిలోకి పిలిచినట్టు పిలిచింది.

"ఒరే. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పెట్టెబాబు లేచాడు. ఇస్త్రీ చొక్కా ముడతలు సవరించుకున్నాడు. అక్కను చూశాడు, బావను చూశాడు. తర్వాత చూపు తిప్పి జడ్జిగారి బల్ల అంచు మీద నిలిపాడు.

"అయ్యా, మా అక్కకి ప్రతి పేజీ నేనే చదివి వినిపించానండి. అన్నీ విని, ఒప్పుకుని, తన ఇష్టంతోనే సంతకం పెట్టింది. ఇప్పుడు మా బావ బలవంతం మీద మాట మారుస్తోంది."

కూతురు "మావయ్యా!" అని అరిచింది. బంట్రోతు "సైలెన్స్" అన్నాడు.

జడ్జిగారు కలం తీశారు. రాయబోతూ ఆగారు.

"ఏమమ్మా? మీ తమ్ముడు చెప్పింది నిజమేనా?"

ఆమె ఏడవలేదు.

"వాడు అక్కడ నిలబడి చెప్పాడండి. ఇక్కడ నిలబడి, ప్రమాణం చేసి, నా ముఖం చూసి చెప్పమనండి."

బోను దిగింది. మెట్టు పక్కకు ఒదిగి నిలబడి, తమ్ముడికి దారి ఇచ్చింది.